అవ్వ గుమ్మడికాయ, నా మంచం

పదమూడేళ్ళుగా నా దగ్గర ఒక జోకు ఉంది. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నా నోట్లో వేడి అన్నమైనా కాసేపు ఆగుతుంది గానీ జోకు ఆగదు, మా ఊళ్ళో ఎవరినైనా అడగండి. అలాంటిది ఇదొక్కటీ మిరపకాయల బస్తాలా వీపు మీద కూర్చుని దిగనంటోంది. మీకు చెప్పేస్తాను. మీరు మా ఊరివాళ్ళు కారు. అదొక సుఖం.

మాది కోవిల్‌పట్టికీ విరుదునగర్‌కూ మధ్య నల్లరేగడి ఊరు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా పంచాయతీ వార్డులో ఏ ఇల్లు ఎటు ఓటేస్తుందో ఓట్ల పెట్టె రాకముందే అందరికీ తెలుసు. ఒకటి రెండు ఇళ్ళు అటూ ఇటూ అయితేనే గెలుపు వీధి మారుతుంది. అందుకే ఓడినవాళ్ళు తమ మనుషులందరినీ అమ్మవారి గుడికి పిలుస్తారు. వెలిగే కర్పూరాన్ని (మేం సూడం అంటాం) అరచేత్తో ఆర్పి, మాట తప్పలేదని ఒక్కొక్కరూ ఒట్టేయాలి. మా వార్డు ఎన్నికల చరిత్ర ఎక్కడైనా రాసి ఉందంటే అది మా అరచేతుల్లోనే.

పదమూడేళ్ళ కిందట మా పెద్దమామ నిలబడ్డాడు. గుర్తు గుమ్మడికాయ. ఎదుటివాడిది మంచం. పెద్దమామ, చిన్నమామ మా అమ్మకు తోడబుట్టినవాళ్ళు. అప్పటికి ఇద్దరూ కలిసి కోవిల్‌పట్టిలో పల్లీ చిక్కీల పాక నడిపేవాళ్ళు. పెద్దమామకు గెలుపు మీద ఎంత నమ్మకమంటే, ఓట్లు పడకముందే ఊరంతా పంచడానికి చిక్కీ డబ్బాలు కట్టించాడు.

వాళ్ళమ్మకు, అంటే మా అవ్వకు, రెండు కళ్ళూ కనిపించవు. ఆమెకు తోడుగా వెళ్ళి ఓటు గుద్దే పని నాకు పడింది. పోలింగు జరిగింది నేను ఏడో తరగతిలో వదిలేసిన బళ్ళోనే. గేటు దగ్గర పెద్దమామ నలుగురి ముందూ అన్నాడు: "రేయ్ అల్లుడా, ఏడు దాటని మొగం నీది! గుమ్మడికాయ ఏదో మంచం ఏదో తెలుసునా?"

అందరూ నవ్వారు. నేనే అందరికంటే గట్టిగా నవ్వాను.

లోపల, ఓటు రహస్యం ఎవరికీ చెప్పనని నా చేత సంతకం చేయించుకున్నారు. అవ్వ మాత్రం గది అదిరేలా అరిచింది. "సామీ, నా పెద్దకొడుకు గుమ్మడికాయకే గుద్దురా!"

రెండు వైపుల ఏజెంట్లూ తెలుగు తెలిసిన మా ఊరివాళ్ళే, పగలబడి నవ్వారు. తెలుగు రాని ఆఫీసరు కంగారుపడి, ఏమంటోందని తమిళంలో అడిగాడు.

"మిమ్మల్ని దీవిస్తోంది సార్," అన్నాను.

ఆయన చేతులు జోడించాడు. నేను ఓటేసేచోట అడ్డంగా పెట్టిన అట్ట వెనక్కి వెళ్ళి మంచం మీద గుద్దాను.

ఎందుకు? మామను ఆటపట్టించడానికే అనుకున్నాను. ఎలాగూ గెలుస్తాడు కదా, గెలిచి చిక్కీలు పంచేటప్పుడు "మామా, నీ కన్నతల్లి ఓటు మంచానికి పడింది" అని చెప్పి, ఆ మొహం ఎలా మాడుతుందో చూడాలని. అంతేనా? గేటు దగ్గర నవ్విన ఆ నలుగురి నవ్వు నా చేతికేమీ బలం ఇవ్వలేదా? ఈ ప్రశ్న దగ్గర నా హాస్యం నన్ను వదిలేసి పారిపోతుంది.

మామ ఒక్క ఓటుతో ఓడిపోయాడు. రెండోసారి లెక్కించమన్నాడు. అప్పుడూ అంతే. అవ్వ ఓటు అటు నుంచి ఇటు పడి ఉంటే ఒక్క ఓటుతో గెలిచేవాడు. ఏడో తరగతి వాడికీ ఈ లెక్క వస్తుంది.

మూడో రోజు గుడి దగ్గర కర్పూరం వెలిగించారు. నా ఓటు గుమ్మడికాయకే వేశానని ఆర్పాను. నా ఓటు నిజంగానే గుమ్మడికాయకు వేశాను చూడండి, ఎంత తెలివి! తరువాత అవ్వ వచ్చింది. ఆమె చెయ్యి పట్టుకుని మంట దగ్గరికి తీసుకెళ్ళింది నేనే. కళ్ళు లేని మనిషి కదా, ఎక్కడ ఆపాలో తెలియక చెయ్యి అలాగే మంట మీద అదిమి ఉంచింది. "నా బిడ్డకే వేసినా తల్లీ," అంది. అరచెయ్యి బొబ్బెక్కింది. ఆ బొబ్బకు నేనే వెన్న రాశాను. నోరు మాత్రం తెరవలేదు.

చిన్నమామ వంతు వచ్చింది. "తోడబుట్టినోని మాట నమ్మనోడికి సూడం ఎందుకు?" అని కర్పూరాన్ని ముట్టకుండా వెళ్ళిపోయాడు. అంతే, ద్రోహి దొరికేశాడు. అవ్వ మీద ఎవరికీ అనుమానం లేదు, ఆమె ఓటు ఊరంతా విన్నదే కదా. చిక్కీల పాక మధ్యలో గోడ లేచింది. తరువాత చిన్నమామ కూతురినే నేను చేసుకున్నాను. ఆ పెళ్ళికి పెద్దమామ రాలేదు. అవ్వ కొడుకులిద్దరినీ ఒకచోట చూడకుండానే పోయింది.

ఇప్పుడు మళ్ళీ ఎన్నికలంటున్నారు. అందుకే రాస్తున్నాను. తెలుగులోనే ఎందుకంటారా? బళ్ళో నేర్పింది తమిళమే; ఈ అక్షరాలు గుంటూరులో మిర్చి బస్తాలు మోసిన రెండేళ్ళలో, వాటి మీది రాతలు చూసి నేర్చుకున్నాను. మా ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు, చదివేవాడు ఒక్కడూ లేడు. ఇనప్పెట్టె అక్కర్లేదు, ఈ కాగితం గోడకు అంటించినా భయం లేదు. ఒప్పుకోవడంలోనూ దొంగతనమే. కానీ వీపు తేలికైంది, అబద్ధమెందుకు.

ఒక్కటే మరిచిపోయాను. చదువు తక్కువవాణ్ణి, నోటితో పలకనిదే నాకు రాత రాదు. ఇందాక తల ఎత్తితే గుమ్మంలో మా ఆవిడ నిలబడి ఉంది. చేతిలో సగం వలిచిన ఉల్లిపాయ. ఎప్పటినుంచి వింటోందో అడగడానికి ధైర్యం చాలలేదు.

"మా నాయన బయట తిన్నె మీద కూర్చోనుండాడు," అంది. "మొదట్నుంచి సదువు. గట్టిగా."