వలిసె నూనె తిరగమోత

పొరుగింట్లో ఎవరైనా వలిసె నూనె కాచి ఆవాలు వేశారంటే చాలు, కుడుతున్న కుట్టు ఆపేసి నాలో నేనే సిగ్గుపడతాను. ఆ చిటపటలు నన్ను వెక్కిరించడానికే పుట్టాయనిపిస్తుంది. దర్జీనని చెప్పుకుంటూ కొండలెక్కి, ఒక్క వానాకాలంలో కొత్త మిషను పీక నొక్కిన ఘనుణ్ణి నేను. దాన్ని బతికించి, నన్నూ దారిలో పెట్టినవాడు హుకుంపేట దగ్గర కొండగూడెంలో ఉండే లచ్చయ్య తాత.

పందొమ్మిదివందల ఇరవైల నాటి మాట. నా భార్య పైడమ్మ మెడలోని నాను తీసి ఇస్తే ఆ చేతి మిషను కొన్నాను. వానలు వెనకబట్టాక వస్తానని ఆమె పుట్టింట ఉండిపోయింది. నేను హుకుంపేట సంతలో ఆకుల పాక వేసుకున్నాను. వానలకు కింది దారి తెగింది, మిషను నూనె సీసా ఖాళీ అయింది. నూనె ఏదైనా నూనే కదా అనుకుని, గానుగ నుంచి కూరల్లో వాడే వలిసె నూనె తెచ్చి ధారాళంగా పోశాను. నాలుగు రోజులు మిషను నెయ్యి తాగినట్టు తిరిగింది. అంతలో నాకు జ్వరం వచ్చింది. రెండు వారాలకు లేచి చూస్తే పిడి కదల్లేదు.

“గాలి సోకినాది బాబూ, దిష్టి తియ్యి” అన్నాడు పక్క పాకలో ఉప్పు అమ్మే సెట్టి. మిషను మెడకు నిమ్మకాయలు కట్టాను. అవి ఎండిపోయాయి కానీ పిడి మాత్రం తిరగలేదు.

అప్పుడు వచ్చాడు లచ్చయ్య తాత. భుజాన గొంగడే గానీ కుట్టిన గుడ్డ ఎరగని మనిషి. మిషను మీదకు వంగి వాసన చూశాడు.

“ఏటి బాబూ, దీన్ని ఇచ్చేత్తావా?”

గంపెడు సామలకూ సొరబుర్రెడు తేనెకూ ఇచ్చేశాను. పాపం, అమాయకుణ్ణి మోసం చేశానే అని ఆ తేనె గొంతు దిగలేదు.

మరుసటి సంతలో చింతచెట్టు కింద నుంచి టకటకమని చప్పుడు. వెళ్ళి చూస్తే నా మిషనే, తాత చేతికింద ఎవరిదో చిరిగిన గొడుగు కుడుతోంది.

“ఇది నాది!” అన్నాను.

“నీదే. దీనికి తిరగమోతెట్టినది నువ్వే గదా! వలిసె నూని ఆరితే జిగురైపోద్ది బాబూ. కిరసనాయిల్లో ముంచి కోడీకతో తుడిసినాను, అంతే.”

“తెలిసే కొన్నావా?”

“తెలిసే. నువ్వు నన్ను మోసం సేత్తన్నాననుకునే గదా ఇచ్చినావు? సరికి సరి.”

పైడమ్మ వచ్చేలోగా మిషను నా చేతికి రాకపోతే ఆమె బోసిమెడ ఎలా చూడను? కాళ్ళబేరానికి దిగాను. తాత నన్ను తన ఇంటికి తీసుకెళ్ళాడు. పొయ్యి మీది అటక మీద, విత్తనాల బుట్టల పక్కన, ఆరు పాత మిషన్లు. పొగ వేడికి తుప్పు పట్టదట. ఒకప్పుడు ఒక దొరసాని మిషనును కావిడిలో మోస్తూ, ఆవిడ కుడుతుంటే చూసి పని పట్టిన మనిషి. కింది ఊళ్ళకు పోతూ దొరలు, కంట్రాక్టర్లు పారేసినవాటిని తేనె ఇచ్చి, పసుపు ఇచ్చి పోగుచేశాడు. ఒకటి కుంటిది, ఒకటి మొండిది, ఒకటి దగ్గుది, ఇలా అన్నిటికీ పేర్లు.

“ఈ ముసిలోళ్ళలో ఒకల్ని నడిపించు. నీది నీకిచ్చేత్తాను.”

మొండిదాన్ని ఎంచుకున్నాను, మా ఇద్దరికీ పోలిక కుదిరింది. తిరుగుతుంది గానీ ప్రతి జానకూ దారం తెంపేస్తుంది. దారాన్ని తిట్టాను, సూదిని తిట్టాను, వానను కూడా తిట్టాను.

“కంటితో కాదు, ఏలితో అడుగు” అన్నాడు తాత.

కళ్ళు మూసుకుని ఒక్కో ముక్కా తడిమాను. కింది దారాన్ని మోసే, పడవలాంటి చిన్న నాడె అంచున గోటికి తగిలీ తగలని గరుకు. ఏటిరాయి మీద దాన్ని నాలుగు సంతల పాటు నూరాను. ఐదో సంతనాడు మొండిది ఆగకుండా ఒక కొంగు కుట్టింది. తాత లోపలికి వెళ్ళి నా మిషను తెచ్చి ముందు పెట్టాడు.

పైడమ్మ వచ్చింది. తిరగమోత కథ అప్పటికి సంతలో తెలియనివాళ్ళు లేరు. తాత నోరు తెరవగానే నేను మిషను వెనక్కి తప్పుకున్నాను.

“నీ పెనిమిటి దీన్ని సంటిపిల్లలా సూసుకున్నాడమ్మా” అన్నాడాయన. ఆమె ముందు ఆ మాట ఎత్తొద్దని సంతనంతా కట్టడి చేసింది కూడా ఆయనేనని తర్వాత తెలిసింది. అయితే ఆమె అటు తిరగ్గానే, నా వైపు చూసి గరిటె తిప్పినట్టు చెయ్యి తిప్పాడు. ఆ తర్వాత ప్రతి సంతలోనూ అదే సైగ.

చూపు మందగించాక ఆ ఆరు మిషన్లనూ నాకే పంపాడు. ఇప్పటికీ తిరుగుతున్నాయి. ఏది మొరాయించినా, దానిలో నేనేం పోశానని ముందు నన్ను నేనే అడుగుతాను. మనుషుల దగ్గరా అంతే.

కానీ ఆ గరిటె సైగకు బదులు తీర్చుకోకుండా ఉండలేదు. పైడమ్మ వచ్చిన ఆ చలికాలమే, మొండిదాన్ని తాత దగ్గర అరువు తెచ్చుకుని, దాని మీదే ఆయనకో చొక్కా కుట్టాను. కొలత అడగలేదు, చూసి చూసి కళ్ళకే తెలిసిపోయింది. సంత నడుమ, పైడమ్మ పక్కనుండగా ఇచ్చాను.

“నాకెందుకు బాబూ?”

“నువ్వు వద్దంటే నా కుట్టు బాగాలేదనుకుంటారు తాతా.”

గత్యంతరం లేక తొడుక్కున్నాడు. భుజాలు అచ్చంగా కుదిరాయి. జీవితంలో మొదటి జేబు కదా, చెయ్యి పెట్టి చూశాడు. ఒక ఎండుమిరపకాయ, అరచేతికి అంటుకుని నాలుగు ఆవాలు బయటికి వచ్చాయి.

“ఏటవి తాతా?” అంది పైడమ్మ.

నేను దారం చుట్టుకుంటూ అన్నాను, “అడుగు, చెప్తాడు.”

కథ తెలిసిన సంతంతా చుట్టూ చేరింది. తాత నన్ను చూశాడు, ఆమెను చూశాడు, గొంతు సవరించుకున్నాడు.

“కొత్త సొక్కా గదమ్మా,” అన్నాడు మిరపకాయను మళ్ళీ జేబులో పెట్టుకుంటూ, “దిష్టికి.”