తొంభై నాలుగో అండి

1997 జూన్‌లో నన్ను రాజమండ్రి ఎడిషన్‌లో జిల్లా అనుబంధం డెస్కుకు సీనియర్ సబ్‌ఎడిటర్‌గా వేశారు. అనుబంధం అంటే పెద్ద పేపరు మధ్యలో పెట్టి ఇచ్చే చిన్న సైజు పేపరు. కాలవలకు నీళ్లు ఎప్పుడు వదులుతారో, ఏ ఊళ్లో కరెంటు ఎప్పుడు పోతుందో, ఎవరికి ఎక్కడ సన్మానమో, అన్నీ అందులోనే. ఎడిషన్ ఇన్‌ఛార్జి ప్రభాకరరావు గారు మా పై అధికారి. నేను చేరిన నెలకే ఆయన పిలిచి, ఆదివారం అరపేజీ సాహిత్యానికి వదులుతున్నామనీ, కొత్తగా రాసేవాళ్లకు కథల పోటీ పెడుతున్నామనీ, ఆ బాధ్యత నాదేననీ చెప్పారు. మొదటి స్థానం వచ్చిన కథ అచ్చవుతుంది. మంచివనిపించిన పన్నెండు కథలు రాసినవాళ్లకు దసరా సెలవుల్లో మూడు రోజులు శిక్షణ తరగతులు. పేరున్న రచయితలు ముగ్గురు వచ్చి పాఠం చెబుతారు.

నియమాలు రాసింది నేనే. నియమాలు రాయడమంటే నాకు మొదటినుంచీ సరదా. వంటింట్లో గ్యాస్ పొయ్యి పక్కన కూడా నియమాల కాగితం అంటించే రకాన్నని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. కాగితానికి ఒకవైపే రాయాలి. పేరు, చిరునామా విడి కాగితం మీద ఉండాలి గానీ కథ మీద ఉండకూడదు. కథ సొంతమనీ, మరో పత్రిక పరిశీలనలో లేదనీ హామీ పత్రం జతచేయాలి. తిరుగు టపాకు స్టాంపులు అంటించిన కవరు పెట్టాలి. అన్నిటికంటే ముఖ్యమైనది, కథ ఎనిమిది వందల మాటలు మించరాదు. శీర్షిక, బొమ్మ పోను అరపేజీలో అంతకంటే పట్టదు. ఈ చివరి నియమం కింద గీత కూడా గీయించాను.

కవరు విప్పగానే కథకు నంబరు వేసి, పేరున్న కాగితం విడదీసి బీరువాలో పెట్టి తాళం వేసేవాణ్ణి. న్యాయనిర్ణేతలకు వెళ్లేది నంబరు మాత్రమే. మాటల లెక్క కూడా నాదే. పెన్సిలుతో పదేసి మాటలకో టిక్కు పెట్టుకుంటూ పోవాలి. బ్యాంకు గుమాస్తాలు రాశారు, కడియం నర్సరీల్లో అంటు కట్టేవాళ్లు రాశారు, రిటైరైన పోస్టుమాస్టర్లయితే లెక్కలేనంత మంది రాశారు. ఒకాయన తన కథ ఎనిమిది వందలు దాటిందని గ్రహించి, దాటిన భాగాన్ని ‘రెండో కథ’ అని పేరు పెట్టి వేరే కవర్లో పంపాడు. రెండూ తిరుగు టపాలో వెళ్లాయి.

ఎనభై ఏడో నంబరు కథ పెద్దాపురం నుంచి వచ్చింది. రాసినామె పేరు నాగమణి. హామీ పత్రం కింద నియమాల్లో లేని రెండు ముక్కలు అదనంగా రాసింది. తను మేనమామ గారి ఎస్టీడీ బూత్‌లో కూర్చుంటుందట. ‘ఎంపికైతే ఉత్తరం మీ పేపరు ముద్ర ఉన్న కాగితం మీద పంపండి అండి. అది చూపిస్తే గానీ మూడు రోజులు సెలవు ఇవ్వరు అండి. నేర్పేవాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకోవాలని ఉంది అండి.’

లెక్కపెడితే కథ ఎనిమిది వందల అరవై ఒక్క మాటలు వచ్చింది. అనుమానంతో మళ్లీ లెక్కపెట్టాను. అంతే వచ్చింది. ఆమె పంపిన తిరుగు కవరు చేతిలోకి తీసుకున్నాను. మడతపెట్టేముందు మొదటి పేజీ మీద చూపు పడింది. తర్వాత కవరు ఎక్కడ పెట్టానో నాకే గుర్తులేదు.

కథంతా ఫోనులో ఒక ఇల్లాలి మాటలే. భర్త సూరత్‌లో మిల్లు పనికి వెళ్లి మూడేళ్లయింది. ఆమె ఆదివారం ఆదివారం బూత్‌కి వచ్చి మాట్లాడుతుంది. అవతలి మాట మనకు వినిపించదు. ‘పిల్లకి జ్వరం తగ్గింది అండి. బడికి వెళ్తోంది అండి. మీరు రాలేరని మా అన్నయ్యకి నేనే సర్దిచెప్పాను అండి.’ వారం వారం అతను చెప్పే సాకులు ఆమె జవాబుల్లోంచే మనకు తెలుస్తుంటాయి. కాగితానికి ఒకవైపే రాయాలన్న నా నియమాన్ని ఇంత బాగా పాటించినవాళ్లు ఇంకెవరూ లేరని ఆ తర్వాత డెస్కులో నవ్వుకున్నాం.

చదువుతుంటే విషయం తట్టింది. దాదాపు ప్రతి వాక్యం చివరా అండి ఉంది, ఉన్నచోటల్లా విడిగా ఉంది. ‘తగ్గిందండి’ అని కలిపి రాస్తే ఒక మాట. ‘తగ్గింది అండి’ అని విడదీస్తే రెండు. అండిలను మాత్రమే లెక్కపెట్టాను. తొంభై మూడు. అవి తీసేస్తే కథ ఏడు వందల అరవై ఎనిమిది మాటలే.

ప్రభాకరరావు గారికి చూపించాను. ఆయన నవ్వారు గానీ ఒప్పుకోలేదు. నియమం అందరికీ ఒకటేననీ, రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి కాగితం ఉండాలనీ అన్నారు. చివరికి, మా ముగ్గురు న్యాయనిర్ణేతల్లో తెలుగు పండితుడైన కామేశ్వరరావు గారు అండి మాట కాదని రాసిస్తే తనకేమీ అభ్యంతరం లేదన్నారు.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి వంతెన దాటి కొవ్వూరు వెళ్లాను. కామేశ్వరరావు గారు అక్కడి బడిలో ముప్పై ఏళ్లు తెలుగు చెప్పి రిటైరయ్యారు. అరుగు మీద కూర్చుని కథ చదివారు. అయిపోయాక మొదటి పేజీ తిప్పి మళ్లీ చదివారు. నేను ఆయన మొహం చూస్తూ రెండో కాఫీ తాగేశాను.

“ఇకారం మీద అచ్చు వచ్చినా, ఉకారం మీద వచ్చినా కలిసిపోతుంది కదండీ. ఈవిడ సంధి చెయ్యలేదు, అంతే. సంధి రానంతమాత్రాన కథ రానట్టు కాదండి,” అన్నారు.

లోపలినుంచి ఆయన భార్య గారి గొంతు వినిపించింది. “మర్యాదకి కూడా లెక్కేంటండీ?”

ఆయన కాగితం తీసుకుని ‘ఈ కథలోని అండిలు ముందు మాటలో కలిసినవే గనుక విడిగా లెక్కకు రావు’ అని రాసి సంతకం పెట్టారు. నేను గుమ్మం దిగుతుంటే వెనక్కి పిలిచారు. “ఇది అచ్చుకి వెళ్తే చివరి వాక్యం జాగ్రత్తండి మూర్తిగారూ.” అలాగేనండి అన్నాను. ఆయన చెప్పింది నేను ఎంత జాగ్రత్తగా పాటించానో ఇప్పుడు చెబుతాను.

ముగ్గురి మార్కులూ కలిపితే ఎనభై ఏడో నంబరే మొదట నిలిచింది. పేపరు ముద్ర ఉన్న కాగితం మీద నాగమణికి ఉత్తరం నేనే రాసి, చెప్పకుండానే కింద రబ్బరు స్టాంపు కూడా వేయించాను. మేనమామకు ఎంత పెద్ద ముద్ర కనిపిస్తే అంత మంచిదని నా ఉద్దేశం.

శిక్షణ తరగతుల ముందు ఆదివారానికి కథ అచ్చుకు పెట్టాం. అప్పట్లో పద్ధతి ఇది. డీటీపీ ఆపరేటరు టైపు చేసి ప్రూఫు తీస్తాడు. సబ్‌ఎడిటరు ఎర్ర సిరాతో దిద్దుతాడు. తీసేయాల్సిన మాట కొట్టేయాలి, కలపాల్సిన మాటల మధ్య కింద చిన్న వంపు గీయాలి, చేర్చాల్సిన మాటకు హంసపాదు పెట్టాలి. హంసపాదు అంటే రెండు మాటల మధ్య అడుగున పెట్టే చిన్న గుర్తు. ఏదో తప్పిపోయింది, ఇక్కడ చేర్చమని దాని అర్థం. అనుబంధం పేజీలు సాయంత్రం ఆరింటికి వదిలేయాలి. ఆ రోజు ఐదున్నరకు నా ముందు ప్రూఫు పడింది.

తొంభై మూడు అండిలనూ ముందు మాటల్లో కలుపుకుంటూ వచ్చాను. కామేశ్వరరావు గారి హెచ్చరిక గుర్తుంది కనుక చివరి వాక్యం దగ్గర ప్రత్యేకంగా ఆగాను. ‘ఇంక ఉంటాను’ అని ఉంది. చూశారా, పెద్దాయన ఊరికే అన్లేదు, ఆపరేటరు ఇక్కడ అండి మింగేశాడు అనుకున్నాను. మా గోదావరి జిల్లాల్లో అండి లేకుండా ఫోను పెట్టేసే మనిషిని నేను అప్పటికి చూడలేదు. అప్పిచ్చినవాడితో కూడా ‘ఉంటానండి’ అనే పెట్టేస్తాం. రాతప్రతి తిరగేస్తే అర నిమిషం పట్టేది. తిరగేయలేదు. హంసపాదు పెట్టి అండి చేర్చాను. ‘ఇంక ఉంటానండి.’ పేజీ వేళకు వెళ్లింది. ఆ సాయంత్రం నా పనితనానికి నేనే మురిసిపోయాను.

తరగతుల మొదటి రోజు స్కూలు హాలు గుమ్మం దగ్గర పేర్లు రాసుకునే బల్ల వెనక కూర్చున్నాను. పెద్దాపురం బస్సు దిగి, భుజాన సంచీతో ముప్పై ఏళ్ల మనిషి వచ్చింది. నాగమణినండి అంది. మూర్తినమ్మా అన్నాను. కృతజ్ఞతలు అందుకోవడానికి కుర్చీలో కాస్త సర్దుకుని కూర్చున్నాను కూడా. ఉత్తరం చూసి మేనమామ గారు మారుమాట లేకుండా పంపారట. అచ్చయిన కథను బూత్ అద్దానికి అంటించారట. సంచీలోంచి మడత పెట్టిన పేపరు తీసింది.

“అంతా చక్కగా వేశారండి. బొమ్మ కూడా బాగుందండి. ఒక్క అండి ఎక్కువైందండి.”

అది అచ్చుతప్పు కాదనీ, చివర అండి పోతే నేనే చూసి సరిచేశాననీ గర్వంగా చెప్పాను. ఆమె పేపరు విప్పి చివరి వాక్యం మీద వేలు పెట్టింది.

“అది నేను రాయలేదండి. ఆవిడ మూడేళ్లకి ఒక్కసారి మానేసిందండి. మీరు మళ్లీ అనిపించేశారండి.”

అప్పుడు నాకు వెలిగింది. కథలో ఆ చివరి ఆదివారం భర్త ఇక రానని తేల్చేశాడు. ఉంటానండి అంటే సెలవు తీసుకోవడం. ఉంటాను అంటే, నువ్వు లేకపోయినా నేను ఉంటాను అని. ఎనిమిది వందల మాటల కథ ఆ ఒక్క లేని మాట మీద నిలబడి ఉంది. దాన్ని నేను ఎర్ర సిరాతో పూడ్చేశాను. మరి మిగతావి విడివిడిగా ఎందుకు రాశావమ్మా అని మాట మార్చడానికి అడిగాను. “లైను బాగోదు కదండీ, అరుస్తారండి. మాట ఒకసారి, అండి ఒకసారి వినబడుతుందండి,” అంది. ఆమె సంధి రాక రాసింది కాదు. చెవితో విన్నది విన్నట్టు రాసింది.

మధ్యాహ్నం ఆఫీసుకు వెళ్లి రాతప్రతి తీసి చూశాను. చివరి మాట తర్వాత చుక్క స్పష్టంగా ఉంది. సవరణ వేయాలని ప్రభాకరరావు గారిని అడిగాను. పేర్లూ తేదీలూ తప్పు పడితే తప్ప సవరణ వేసే అలవాటు మాకు లేదు. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

“మొన్న అండి అసలు మాటే కాదని కొవ్వూరు వెళ్లి కాగితం తెచ్చారు. ఇవాళ ఆ మాటకి సవరణ వెయ్యమంటున్నారు. ఏదో ఒకటి తేల్చండి మూర్తిగారూ.”

రాతప్రతి, ప్రూఫు పక్కపక్కన పెట్టి నా ఎర్ర సిరా చూపించాను. తప్పు ఆపరేటరుది కాదు, రచయిత్రిది అంతకన్నా కాదు, నాది అన్నాను. ఆయన చివరి వాక్యం రెండు రకాలుగానూ పైకి చదువుకున్నారు. తర్వాత రెండు లైన్లు ఇమ్మన్నారు. ‘ఆదివారం ప్రచురించిన కథలో చివరి వాక్యాన్ని ఇంక ఉంటాను అని చదువుకోవాలి. పొరపాటు డెస్కుది’ అని రాసిచ్చాను.

మూడో రోజు ఆఖరి కార్యక్రమం, నాగమణి తన కథను చదివి వినిపించడం. మొదటి పేజీ గబగబా చదివేసింది. రెండో పేజీకి సర్దుకుంది. పన్నెండు మంది విద్యార్థులు, ముగ్గురు రచయితలు, వెనక వరసలో కొవ్వూరు నుంచి వచ్చిన కామేశ్వరరావు గారూ ఆయన భార్యా. అండి వచ్చినప్పుడల్లా హాల్లో ఎవరో ఒకరు చిన్నగా నవ్వుతున్నారు. మన మాటే కదా, మనకు నవ్వొస్తుంది. పోను పోను నవ్వులు తగ్గాయి.

“ఇంక ఉంటాను,” అని చదివి ఆమె కాగితాలు దించింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. హాల్లో ఉన్నది అందరూ మా ప్రాంతం వాళ్లే. అండి కోసం ఆగారు. అది రాలేదు. రాదని తెలిశాక కామేశ్వరరావు గారి భార్య మొదట చప్పట్లు కొట్టారు.

నాగమణి ఆ తర్వాత బూత్‌లో కూర్చునే మరికొన్ని కథలు రాసింది. కొన్నేళ్లకు అవే తరగతుల్లో ఒక పూట పాఠం కూడా చెప్పింది. నేను రిటైరయ్యే దాకా డెస్కులోనే ఉన్నాను. ఆ అక్టోబరు నుంచి నా పద్ధతి ఒకటి మారింది. ఎక్కడ హంసపాదు పెట్టాలనిపించినా ముందు దాని పక్కన ప్రశ్న గుర్తు పెట్టి, రాతప్రతి తీసి, అవసరమైతే రాసినవారిని అడిగేవాణ్ణి. పేజీలు కొన్నిసార్లు ఆలస్యమయ్యాయి, చీవాట్లు తిన్నాను. ఎక్కువైన మాటను పట్టుకోవడం డెస్కులో ఎవరికైనా త్వరగానే వస్తుంది. లేని మాట పొరపాటున పోయిందో, కావాలని మానేసిందో తెలుసుకోవడానికి మాత్రం అడగడం తప్ప వేరే దారి లేదు. నాకు తెలిసిన ఎడిటింగ్‌లో సగం అంతే.

ఈ వ్యాసం దిద్దే సబ్‌ఎడిటరు గారికి ఒక మనవి. కింద ఉన్నది అచ్చుతప్పు కాదు, తీసేయకండి. నేను సెలవు తీసుకుంటున్నాను, అంతే.

ఇంక ఉంటానండి.