వీపు మీద చెయ్యి

ఎర్మెతే ఊళ్లో తాళాలు బాగుచేస్తాడు. ఆదివారమైతే తండ్రి పందేల్లో తొక్కిన ఇనుప సైకిల్ తీసి కనుమ ఎక్కుతాడు. దిగేటప్పుడు చలికి, పాతకాలపు పందెగాళ్లలాగే, చొక్కాలో వార్తాపత్రిక దోపుకుంటాడు. ఇంకొకరు తోస్తే ఎక్కినవాణ్ణి లెక్కలోకి తీసుకోకూడదని తండ్రి అనేవాడు. అందుకే ముప్పయ్యొక్క ఏళ్లుగా దారిలో కాలు కింద మోపలేదు, వీపు మీద ఎవరి చెయ్యీ పడనివ్వలేదు. ఈ వేసవి తర్వాత మోకాళ్లు పనికిరావన్నాడు డాక్టరు.

చివరిసారిగా ఎక్కుదామని అతను బయల్దేరిన రోజే పెద్ద సైకిల్ పందెం ఆ దారిన వస్తోంది. పందెగాళ్లు రావడానికి ఇంకా రెండు గంటలుంది, రోడ్డు పొడవునా జనం. ఆఖరి మలుపులో రొప్పుతున్న ముసలాయన్ని చూసి వాళ్లకు జాలేసింది. “పద తాతా, మేం లేమూ?” అంటూ ఒకడు వీపు మీద చెయ్యేసి తోశాడు. “వద్దు, వదలండ్రా” అన్నాడు ఎర్మెతే. ఊపిరాడక మాట స్పష్టంగా రాలేదు.

“ఏమంటున్నాడ్రా?”

“ఇంకాస్త గట్టిగా తొయ్యమంటున్నాడు.”

బ్రేకు వేస్తే కాలు మోపాలి. ఒక చెయ్యి వదిలేలోపే ఇంకో చెయ్యి అందుకుంటోంది. అతను తొక్కుతూనే ఉన్నాడు.

కనుమ పైన కాచుకుని ఉన్న భార్య ఇవెత్తా నవ్వుతూ ఎదురొచ్చింది. “చూశాన్లే, పాపం ఎంత బాగా తోశారో. వాళ్లకో మాటైనా చెప్పావా?”

“చెప్పాను. వాళ్లకు వినపడలేదు” అన్నాడు ఎర్మెతే.