చివరి నిమిషం చూడమన్న భాయ్

మదనపల్లెలో లాప్‌టాప్‌లు అమ్మి, బాగుచేసే భాయ్ పోయిన నెల ఒక సోమవారం చనిపోయాడు. నా కూతురికి ఫోను వచ్చింది. విని తను పనిచేసే షెడ్డులోనే కూలబడి ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. ఆ మనిషి మీద ఏళ్ళ తరబడి కడుపులో కోపం పెట్టుకున్నవాణ్ణి నేను. కొత్త లాప్‌టాప్ మిషన్‌ను కొన్న రోజే దాని బలం తగ్గించి మా చేతికిచ్చాడు. అది మోసమనుకున్నాను. అనుకొని ఊరుకోలేదు, కుప్పంలో నలుగురి ముందు ఆయన్ను దొంగ అన్నాను. ఆయన తప్పు లేదని తెలిసి రెండేళ్ళయింది. ఆ సంగతి మాత్రం ఆయన బతికుండగా ఆ నలుగురికి చెప్పలేదు. ఆయన ఆ పేరుతోనే పోయాడు. దాన్ని తుడవడానికే ఇది రాస్తున్నాను. నాకు చదువు తక్కువ, మాట మొరటు.

మాది కుప్పం దగ్గర. నేను నలభై ఏళ్ళు గ్రానైటు రాయి కోశాను. నా కూతురు ఉలి పట్టదు. నంది బొమ్మనో, పూలతీగనో కంప్యూటర్‌లో తయారుచేస్తుంది, చెక్కే మిషన్ దాన్ని రాతిమీద చెక్కుతుంది. ఆ బొమ్మల ఫైళ్ళు మహా బరువు. పాత లాప్‌టాప్‌లో నంది బొమ్మను ఒకసారి తిప్పి చూసేలోపల నేను బీడీ తాగి వచ్చేవాణ్ణి. మదనపల్లెలో చదివేటప్పటి నుంచి తెలిసిన భాయ్ దగ్గరే కొత్తది కొందామంది. నాలుగేళ్ళ కిందట పలమనేరు, పుంగనూరు దాటుకొని బస్సులో పోయాము.

అంగట్లో వెండిలాగా మెరిసే సన్నపాటిది ఒకటి ఉంటే నేను దాని మీద చెయ్యి వేశాను.

"అది పెండ్లికొడుకప్పా," అన్నాడు భాయ్. "కూర్చోబెట్టి సూసేదానికి బాగుంటాది. మనకు కావాల్సింది మూట మోసేటోడు."

తరువాత నన్ను వదిలేసి నా కూతుర్ని అడిగాడు. "యాడ కూసోని పని చేస్తావమ్మా?"

"షెడ్డులో, భాయ్."

"పైన?"

"రేకులు."

"ఏసీ ఉండాదా?"

"గాలొస్తే అదే మాకు ఏసీ," అన్నాను నేను.

లావుగా, నల్లగా, ఇటుకరాయి మాదిరి ఉన్న ఒక మిషన్ తీశాడు. బొమ్మల పనికి గ్రాఫిక్స్ కార్డు గట్టిది చూశాడు. మెమరీ అరవై నాలుగు జీబీ వేశాడు. "మెమరీ తక్కువైతే బల్ల సిన్నదైనట్లమ్మా, సామాను కింద పడతాది," అన్నాడు. ఫైళ్ళకు ఇంకో డిస్కు విడిగా పెట్టాడు.

ఆయన అంగట్లో ఒక పద్ధతి ఉండేది. కొనేవాళ్ళు తమ పనిలో అన్నిటికన్నా బరువైన ఫైలును వెంట తేవాలి. దాన్ని గంటసేపు నడిపి చూసి గానీ మిషన్ ఇవ్వడు. అదీ అంగట్లో ఫ్యాను ఆపేసి. మే నెల అది.

"ఏం భాయ్, మమ్మల్ని ఉడకబెడతాండావు?" అన్నాడు పక్కన ఇంకొకాయన చొక్కా విప్పుకుంటూ.

"మీరు గంట ఉడికితే సాలు. అది ఏండ్లు ఉడకాల," అన్నాడు భాయ్. ఆ గంటా మీటల పైభాగాన అరచెయ్యి ఆనించి, జ్వరం చూసినట్లు చూస్తూనే ఉన్నాడు. మధ్యమధ్య ఏవో అంకెలు మార్చాడు.

తిరుగు బస్సులో నా కూతురు చెప్పింది. "నాయనా, భాయ్ దానికి కరెంటు కొంచెం తగ్గించినాడు. మన ఎండకు అదే మంచిదంట." నాకు తగ్గించిన మాట ఒక్కటే చెవిన పడింది. నిండు గుర్రాన్ని కొంటే కాలు కట్టి ఇచ్చినట్లు అనిపించింది.

రెండేళ్ళు ఆ మిషన్ ఒక్కనాడు ఆగలేదు. నా కోపమూ ఆగలేదు. నా కూతురు పెద్దపంజాణిలో పెండ్లికి పోయిన రోజు చూసి, మిషన్‌ను సంచిలో వేసుకొని పుంగనూరులో ఇంకో అంగడికి పోయాను. ఆ అంగడాయన ఏదో పరీక్ష పెట్టి, "నిన్ను ముంచినాడు పెద్దాయనా. ఇది ముప్పావు బలంతోనే నడస్తాండాది," అన్నాడు. భాయ్ పెట్టిన కట్టు తీసి, బలం పూర్తిగా తెరిచేశాడు. రెండు నిమిషాల్లో పరీక్షలో ముందుకన్నా పెద్ద అంకె వచ్చింది. నా ఛాతీ పొంగింది.

కుప్పంలో బస్సు దిగి నేరుగా టీ అంగడికి పోయి మదనపల్లె భాయ్ దొంగ అని అరిచాను. ఆయన దగ్గర మిషన్లు కొనాలనుకున్న ఇద్దరు షెడ్డు యజమానులు ఆ మాట విని ఆగిపోయారు.

వారం తిరక్కుండానే మిషన్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. రాయి కోసే రంపం వేడెక్కితే మేము నీళ్ళు పెడతాము. నాకు తెలిసిన వైద్యం అదే. నా కూతురు లేనప్పుడు గోనెపట్ట తడిపి, పిండి, మిషన్ కింద పరిచాను. గంటకు తెర నల్లబడింది. పది రోజుల్లో గుడి స్తంభాల బొమ్మలు ఇవ్వాలి. మళ్ళీ మదనపల్లె బస్సెక్కాము.

భాయ్ మిషన్ వెనకవైపు విప్పి, ఫ్యాను రెక్కల్లోంచి చిన్న పట్టకారుతో గోనె పీచు తీశాడు. నా వైపు చూశాడు. పీచును చొక్కా జేబులో వేసుకున్నాడు.

"ఏమైంది భాయ్?" అంది నా కూతురు.

"రాతి దుమ్మమ్మా. మీ షెడ్డులో పండేది అదే కదా!"

ఆ పిల్ల టీ చెప్పడానికి బయటికి పోగానే గొంతు తగ్గించాడు. "రంపానికి పెట్టినట్లు దీనికీ నీళ్ళు పెడితే ఎట్లప్పా? ఇది తాగేది గాలి." మళ్ళీ తనే నవ్వాడు. "కుప్పంలో నా పేరు బాగా నడస్తాండాదంట?"

నేను తల వంచలేదు. వంచి ఉండాల్సింది.

నాలుగు రోజుల్లో బాగుచేసి పిలిచాడు. మా స్తంభాల ఫైలునే రెండుసార్లు నడిపాడు. మొదట పుంగనూరులో తెరిచిన నిండు బలంతో. తాడు తెంచుకున్న కోడె మాదిరి పరిగెత్తింది. కాసేపటికి వేడెక్కి, ఫ్యాన్లు కూతపెట్టి, కుంటడం మొదలుపెట్టింది. చల్లారాక తన పద్ధతిలో నడిపాడు. మెల్లగా మొదలై, అదే నడకతో పోయి, మొదటిదానికన్నా పది నిమిషాలు ముందు ముగించింది.

"మొదటి నిమిషం సూసి మెచ్చుకోవద్దప్పా," అన్నాడు. "సివరి నిమిషం సూడు."

ఆ మిషన్ ఈ రోజుకీ నడుస్తోంది. దాని మీద నా కూతురు షెడ్డు నిలబెట్టింది, ముగ్గురికి నెల జీతం ఇస్తోంది. నేను రాతిపిండి మింగి బతికాను, ఆ పిల్ల కుర్చీలో కూర్చుని బతుకుతోంది. అందులో ఆయన చెయ్యి ఉంది. ప్రతి వేసవికి ముందు పోతే రంగులు వేసే చిన్న కుంచెతో ఫ్యాన్లు తుడిచేవాడు. ఛార్జరు తీగను నేను బిగించి చుడితే విప్పి, "గొంతు పిసకద్దప్పా," అని వదులుగా చుట్టి ఇచ్చేవాడు. పోయినప్పుడల్లా తప్పయిందని చెప్పాలనుకునేవాణ్ణి. టీ తాగి వచ్చేసేవాణ్ణి.

ఆయన పోయాక ఇంటికి పోతే ఆయన భార్య చెప్పింది. "మీ మీద ఎప్పుడూ ఒక మాట అనలేదు. రాళ్ళ మధ్య బతికిన మనిషి, సల్లారేదానికి టైము పడతాది అనేవాడు."

మరుసటి రోజే టీ అంగడి ముందు నిలబడి, భాయ్ దొంగ కాదు, నాదే తప్పని గట్టిగా చెప్పాను. ఆ ఇద్దరు యజమానుల్లో ఒకాయన అన్నాడు. "ఇప్పుడు యాల సెప్తాండావు మామా? పోదామంటే మనిషి యాడుండాడు?"



ఇక మిగిలింది పుంగనూరు అంగడాయన. అయ్యా, మా భాయ్ జనాన్ని ముంచాడని నువ్వు ఇప్పటికీ చెబుతున్నావని విన్నాను. తెలియక అన్నావేమో, నేనూ తెలియకనే అరిచాను. వచ్చే శుక్రవారం ఆయన నలభయ్యో దినం. పొద్దున్నే మా మిషన్ తెచ్చి, ఆయన అంగడి ముందు వచ్చిన వాళ్ళందరికీ నడిపి చూపిస్తాను. ఆయన భార్య ఎదుట, నేనన్న మాట అబద్ధమని నా నోటితోనే చెబుతాను. నువ్వూ వచ్చి చెప్పాలి. అరుగు మీద రెండు కుర్చీలు వేయమని ఆ తల్లికి చెప్పి వచ్చాను. ఒకటి నాది. రెండోది వేసి ఉంచాలో, మడిచి లోపల పెట్టాలో బుధవారం పొద్దుగూకేలోపల చెప్పు.