మట్టికి అందని మోటారుసైకిలు

నేనొక పాత మోటారుసైకిలు కొని, మా నాయనకు తన అక్క ముఖం కడసారి దక్కకుండా చేశాను. మీరు నవ్వుకుంటూ చదవండి, పరవాలేదు. మధ్యలో ఒకచోట నవ్వు ఆగుతుంది. దానికి మాత్రం బండిని తిట్టకండి, నన్ను తిట్టండి.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. రెండువేల సంవత్సరం అటూ ఇటూ. హిందూపురంలో బోరు మోటార్లకు వైండింగు చేసే షాపు పెట్టుకున్నాను. వానలు లేక బోర్లలో నీళ్లు అడుగంటి మోటార్లు కాలిపోయేవి. రైతులు తల మీద చేతులు పెట్టుకుని వస్తే నాకు చేతినిండా పని. రాగితీగ చుట్టీ చుట్టీ నాకొక పొగరు పట్టుకుంది. లోకంలో తిరిగేదేదైనా నాకు తెలుసునని.

ఆదివారాల్లో బెంగళూరు నుంచి కొందరు పెద్ద పెద్ద బండ్ల మీద గుంపుగా లేపాక్షికి వచ్చేవారు. వెనక సంచులు కట్టుకుని, మే నెల ఎండలో తోలుకోట్లు తొడుక్కుని, కుక్కర్లో ఉడికే ఆలుగడ్డల్లా ఉండేవారు. అయినా వాళ్లను చూసినప్పటి నుంచి నాకు అలాంటి బండెక్కి గోవా దాకా పోవాలనిపించింది. గోవాలో నాకేం పనో ఇప్పటికీ తెలియదు.

మా నాయన దస్తగిరి ముప్పై ఏళ్లు లారీ తోలిన మనిషి. ఇంజను దగ్గితే విని రోగం చెప్పేవాడు. పెనుకొండలో ఒక పాత పెద్ద బండి అమ్మకానికి ఉందని తెలిసి నేను బయలుదేరుతుంటే చెప్పుల్లో కాళ్లు పెట్టాడు.

"నేనూ వస్తా పా."

"నువ్వెందుకు నాయనా. నాకు తెల్సులే."

"ఏం తెల్సు?"

"దినామూ మోటార్లు విప్పుతాండా కదా."

"అవి బోర్ల లోపలుండే మోటార్లు రా. వాటి మీద మనిషి కూచోడు."

అయినా తీసుకుపోలేదు. నాలుగు రోడ్ల కూడలిలో బండి కింద దూరి, పెద్ద గొంతుతో లోపాలు చదువుతాడని నాకు సిగ్గు.

అమ్మే ఆయన మహా మర్యాదస్తుడు. కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు. బండి నల్లగా నిగనిగలాడుతోంది. ఇంజను మీద చెయ్యి పెట్టి చటుక్కున తీశాను.

"వేడిగా ఉండాదే?"

"మీరొస్తాండారని ఇప్పుడే స్టార్టు చేసి పెట్టినానప్పా. మీకెందుకు శ్రమ."

నేను ఆ మాటకు కరిగిపోయాను. చల్లారిన ఇంజనే నిజం చెబుతుందని, వేడి చేసిన ఇంజను పెళ్లిచూపుల్లో పెళ్లికొడుకులాంటిదని నాకేం తెలుసు? ఒక్క తన్నుకే స్టార్టయింది. ఆ చప్పుడు కాళ్లలో నుంచి ఎక్కి గుండెలో కూర్చుంది.

"ఇంకేమైనా చూసుకుంటారా?" అన్నాడు ఆయన.

"ఇంకేముంది చూడను," అన్నాను.

ఇంటికి తెచ్చాక నాయన బండి చుట్టూ ఒక్కసారి తిరిగాడు. "హ్యాండిలు కింద రంగు ఎందుకింత మందంగా ఉండాది?"

"అందానికి."

ఎవరో గుడ్డి గుర్రానికి పళ్లు తోమిపెడితే, కొడుకు ఆ పళ్లు చూసి కొన్నాడని ఆయనకు అర్థమైపోయింది. మర్నాడు పొద్దున బండి స్టార్టు కావడానికి నలభై తన్నులు పట్టాయి. నా పిక్క దిబ్బరొట్టెలా వాచింది. అదంతా ఇంజను వయసుకు ఇవ్వాల్సిన గౌరవమని సరిపెట్టుకున్నాను.

రెండు నెలలకు ధర్మవరంలో మా మేనత్త హుసేనమ్మ పోయింది. నాయనను కన్నతల్లి ఆయన పాకే వయసులోనే పోతే, పెంచింది ఈ అక్కే. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని పట్టుచీరలు నేస్తూ, తమ్ముణ్ణి ఒళ్లో పడుకోబెట్టుకునేదట. పొద్దున ఏడింటికి పక్కింటి ఫోనుకు కబురొచ్చింది. ఎండలు మండుతున్నాయి, మధ్యాహ్నం నమాజు కాగానే మట్టి చేస్తామన్నారు.

నాయన తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. "తొమ్మిదింటికి రైలుండాది. పోదాం పా."

"రైలు యాడ, నా బండి యాడ నాయనా. రెండు గంటల్లో దించుతా."

ఆయన నా ముఖంలోకి చూశాడు. వాదించే ఓపిక ఆ రోజు ఆయనకు లేదు. వెనక ఎక్కి కూర్చున్నాడు.

సోమందేపల్లి చేరకముందే బండి రెండుసార్లు ఎక్కిళ్లు పెట్టి ఆగింది. నాయన దిగి, పెట్రోలు పైపు ఊడదీశాడు. చాయ్ రంగులో తుప్పునీళ్లు కారాయి.

"కొనేటప్పుడు ట్యాంకులోకి టార్చి ఏసి చూసినావా?"

"లేదు."

ఆయన రోడ్డు పక్కన గొంతుకూర్చుని, చావుకని తెచ్చుకున్న తెల్లతువ్వాలుతో ఆ తుప్పు తుడవడం మొదలుపెట్టాడు. అప్పుడే అవతల పట్టాల మీద మేం ఎక్కాల్సిన రైలు పోయింది. నాయన తలెత్తలేదు. ఏం చేయాలో తోచక నేను రైలు డబ్బాలు లెక్కపెట్టాను.

ఎలాగో కదిలాం. పెనుకొండ పొలిమేరల్లో వెనక టైరు ఢామ్మని పేలింది. బండి పాములా మెలికలు తిరిగి చెట్ల వరసకు జానెడు దూరంలో ఆగింది. నాయన పట్టు నా భుజం మీద బిగుసుకుని చాలాసేపు వదల్లేదు. తోసుకుంటూ ఒక షెడ్డు చేరి, అత్త మట్టికి పోతున్నాం, తొందరగా చూడమన్నాం. మెకానిక్కు పేరు మస్తాను.

"టైరులో గాట్లు బాగుండాయి కదన్నా," అన్నాను.

"గాట్లుంటే ఏమప్పా. పక్కలు చూడు, ఎండిన చెరువు మాదిరి పగిలిండాది. ఈ టైరు నీకంటే పెద్దది. దీనికి నువ్వు సలాం చేయాల."

అతను ముందుకొచ్చి, హ్యాండిలు కింద ఆ మందపు రంగును స్క్రూడ్రైవరుతో గీకాడు. లోపల అతుకు. అతుకు పక్కన వెంట్రుకంత చీలిక. బండి ఎప్పుడో దేనికో గుద్దుకుని విరిగితే, వెల్డింగు పెట్టి రంగు పూశారు. పైన పటారం, లోన లొటారం అంటారు. నా బండికి లొటారం కూడా అతుకులదే.

"కొనేటప్పుడు ఏం చూసినావప్పా?" అన్నాడు మస్తాను.

"సౌండు."

"ఇంక?"

"రంగు."

అతను నాయన వైపు తిరిగాడు. "నువ్వన్నా చెప్పకూడదా పెద్దాయనా?"

"వానికి తెల్సు," అన్నాడు నాయన.

ఆ రెండు మాటలు తగిలిన చోట నాకు ఇప్పటికీ నొప్పి.

"ఇది ఇట్లే తోలినారంటే దోవలో హ్యాండిలు చేతికొస్తాది," అన్నాడు మస్తాను. "మీ అత్తతో పాటు మీ ఇద్దరికీ ఈ పొద్దే గుంతలు తవ్వాల్సొస్తాది."

బండిని షెడ్డులోనే వదిలేశాం. చాలాసేపటికి శెనక్కాయ మూటల లారీ ఒకటి ఆగింది. ముప్పై ఏళ్లు స్టీరింగు పట్టిన మనిషి, మూటల మీద తాడు పట్టుకుని ధర్మవరం దాకా వచ్చాడు.

మేం చేరేసరికి నాలుగు దాటింది. మట్టయి గంటన్నర. తమ్ముడు వస్తున్నాడని కాసేపు ఆపి చూశారట, ఎండకు ఇక ఆపలేకపోయారట. సమాధి మీద చల్లిన నీళ్లు ఇంకా ఆరలేదు. నాయన మూడు పిడికిళ్ల మట్టి తీసి దాని మీద వేశాడు. నాలుగోది తీసి, వేయకుండా అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

అత్త కొడుకు దగ్గరికొచ్చాడు. "ఏమాయ మామా, ఇంత పొద్దు?"

నేను తల వంచుకున్నాను.

"నాదే తప్పురా," అన్నాడు నాయన. "వాడు పొద్దుట్నుంచీ తొందర చేస్తానే ఉండాడు. నేనే కదల్లేకపోయినా."

అంతకంటే ఆయన నన్ను నలుగురిలో చెంప మీద కొట్టి ఉంటే బాగుండేది.

బండి ఆరు నెలలు మస్తాను షెడ్డులోనే ఉంది. చివరికి పాత ఇనుప సామాన్లు కొనే ఒకాయన వచ్చాడు. నేనూ నాయనా వెళ్లాం. ఆ వచ్చినాయన గంటసేపు బండి దగ్గర నుంచి కదల్లేదు. ట్యాంకును వేలితో కొట్టి విన్నాడు, చక్రం పుల్లలు ఒక్కొక్కటీ మీటాడు, రంగు గీకాడు, నంబరు చెక్కిన చోటు రుద్ది బండి పుస్తకంతో సరిచూశాడు. ఆ తర్వాత ఇనుము తూకం లెక్కన కొనడానికి ఒప్పుకున్నాడు.

నాయన అంతా చూసి నా చెవి దగ్గర అన్నాడు. "ఆ పొద్దు నీ బదులు ఈయన్ని పంపించాల్సింది రా."

అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు, కళ్లలో నీళ్లొచ్చాయి.

కాబట్టి పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో పాత బండి కొనను. కొన్నా, దాని మీద ఎవరి చావుకూ పోను. నా చావుకు మాత్రం నలుగురి భుజాల మీద పోక తప్పదు. ఆ నాలుగు భుజాలనూ ఎవరైనా తెలిసినవాళ్లు ముందే పరీక్షించి పెట్టండి. నన్ను మాత్రం ఎంచమనకండి. నేను రంగు చూసి ఎంచుతాను.