రెండు గొట్టాల రెగ్యులేటర్

మా పక్కింటి అంకుల్ పోయారు. పోయిన శుక్రవారం పొద్దున నేను ఆఫీస్ కాల్‌లో ఉండగా వాళ్ళబ్బాయి మెసేజ్ పెట్టాడు: "నాన్న పోయారు. నిద్రలోనే." కాల్‌లో ఎవరో నన్ను ఏదో అడుగుతున్నారు. మ్యూట్ తీసి ఏం జవాబు చెప్పానో గుర్తులేదు. లేచి బయటికి వెళ్ళి, మేముండే హెర్న్‌డన్ ఊళ్ళో గోడకు గోడ ఆనుకుని ఉండే మా ఇళ్ళ ముందు చాలాసేపు నిలబడ్డాను.

ఆయన అనంతపురం జిల్లాలో, నీళ్ళకు కటకటలాడే ఊళ్ళో పుట్టారు. పై చదువులకు ఈ దేశం వచ్చేదాకా సముద్రం చూడలేదు. అద్దెకున్న ఇంట్లో ఓనరు ముసలావిడ మధ్యాహ్నం పూట టీవీలో పాత బ్లాక్ అండ్ వైట్ షో ఒకటి పెట్టుకునేదట. డైవర్ కథ. ప్రతిసారీ ఎవరో ఒకరు నీళ్ళ అడుగున ఇరుక్కుపోతారు, ఆ డైవర్ దిగి వాళ్ళను పైకి తెస్తాడు.

"కథంతా అంతే తల్లీ. కానీ ఆ నీళ్ళు చూడు. నేను బిందె పట్టుకుని లైన్లో నిలబడినోణ్ణి. అన్ని నీళ్ళ నడుమ ఒక మనిషి తీరిగ్గా ఊపిరి పీల్చుకుంటా ఉండాడు. నాకు మతి పోయింది" అనేవారు.

ఆ ఏడాదే డైవింగ్ నేర్చుకున్నారు. షోలో ఉన్నటువంటి రెగ్యులేటర్‌నే సెకండ్ హ్యాండ్‌లో సంపాదించారు. సిలిండర్‌లోని గాలిని నోటికి అందించే పరికరం అది. ఇప్పటివాటికి నోటి దగ్గరికి ఒక్క సన్న గొట్టమే వస్తుంది. ఆ పాతదానికైతే నోటికి చెరోవైపు మడతలు మడతలుగా లావుపాటి రబ్బరు గొట్టం ఉండేది. వదిలిన గాలి తల వెనక నుంచి బుడగలుగా పోయేది.

మేము ఆయన పక్కింట్లో దిగేనాటికి ఆయన భార్య పోయి ఏడాది అయింది. నేను మా ఆయన వెంట డిపెండెంట్ వీసా మీద వచ్చాను, ఉద్యోగం చేసే పర్మిషన్ లేదు. ఇండియాలో ఐదేళ్ళు పనిచేసిన దాన్ని, పగలంతా ఇంట్లో తోచక తిరిగేదాన్ని. ఒకరోజు పప్పు డబ్బా ఇవ్వడానికి వెళ్తే బేస్‌మెంట్‌లో నుంచి కేకేశారు. బల్ల మీద రెగ్యులేటర్ విప్పి పెట్టుకున్నారు. చేతులు వణుకుతున్నాయి.

"ఈ రింగు కూర్చోవడం లేదమ్మా. నీ చేతులు కొంచెంసేపు ఇయ్యి."

ఆ కొంచెంసేపు నాలుగేళ్ళు సాగింది. ఎక్కడెక్కడి నుంచో ఆయన తెచ్చిన పాత డైవింగ్ సామాను కడిగేదాన్ని, తుప్పు తీసేదాన్ని, ఎండి పగిలిన రబ్బరు మార్చేదాన్ని. పక్కన పాత టీవీలో ఆ షో నడుస్తూనే ఉండేది. డైవర్ తొందరపడి పైకి వస్తే ఆయన ఊరుకునేవారు కాదు. "అట్ల వస్తే చస్తావు నాయనా, మెల్లగా రా" అని టీవీతోనే చెప్పేవారు. అది వందోసారి చూడటమని నేను గుర్తు చేస్తే, "వానికి తెలియదు గదా" అనేవారు.

నాకు కూడా నీళ్ళలో ఊపిరి పీల్చడం ఆయనే నేర్పారు. మొదటిసారి స్విమ్మింగ్ పూల్‌లో తల ముంచగానే బెదిరిపోయి పైకి లేచాను. ఆయన కోప్పడలేదు. "భయమేసినప్పుడు ముందు ఊపిరి వదులు. తీసుకునేది దానంతటదే వస్తాది" అన్నారు. తర్వాత వర్క్ పర్మిట్ వచ్చి, అన్నేళ్ళ గ్యాప్‌తో మొదటి ఇంటర్వ్యూకి కూర్చున్నప్పుడు నేను చేసింది అదే.

ఆయన గుండెకు ఆపరేషన్ అయ్యాక డాక్టర్ డైవింగ్ వద్దన్నారు. సరేనన్నారు. ఆర్నెల్లకు ఒకరోజు నాకు ఫోన్ చేశారు. మేము అప్పుడప్పుడూ వెళ్ళే క్వారీ ఒకటుంది, నీళ్ళతో నిండిన పాత రాతి గుంట.

"శనివారం నన్ను డ్రైవ్ చేసి తీసుకుపోతావా? ఒక్కసారి. మావాడికి చెప్పొద్దు."

"డాక్టర్ ఒప్పుకున్నారా అంకుల్?"

"నేనొప్పుకున్నా."

"నేను తీసుకెళ్ళలేను అంకుల్. మీరు బాగుచేయమని ఇచ్చిన రెగ్యులేటర్ కూడా నా దగ్గరే ఉంచుతాను."

ఆయన ఫోన్ పెట్టేశారు. ఒక్కరే వెళ్తారేమోనని భయమేసి, వాళ్ళబ్బాయికి చెప్పేశాను. అతను ఇక్కడే పుట్టి పెరిగినవాడు, ముప్పావుగంట దూరంలో ఉంటాడు. ముందు నా మీదే కోపగించుకున్నాడు.

"మీరు ఎందుకు ఆ రెగ్యులేటర్ ఫిక్స్ చేశారు? చిన్నప్పుడు నా సాకర్ గేమ్స్‌కి నాన్న ఎప్పుడూ రాలేదు. సండే అంటే ఆయనకి లేక్, అంతే. ఐ హేట్ దట్ థింగ్."

"అది బాగుచేయకపోయినా ఆయన మనసు అక్కడే ఉంటుంది. మీరు ఒక్కసారి ఆయన పక్కన కూర్చుని ఆ షో చూడండి. తర్వాత మీ ఇష్టం" అన్నాను.

మూడు వారాలు అంకుల్ నాతో మాట్లాడలేదు. మెయిల్ తీసుకోవడానికి బయటికి వచ్చి, నేను కనపడితే లోపలికి వెళ్ళిపోయేవారు. తప్పు చేశానా అని నాకు పనిమీద మనసు నిలిచేది కాదు. నాలుగో వారం తలుపు కొట్టారు.

"నువ్వు చేసింది కరెక్టే. నాకు నచ్చలేదు, అయినా కరెక్టే" అన్నారు. వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, "మావాడు మూడు ఆదివారాల నుంచి వస్తా ఉండాడు. నాకంటే ముందే చెప్తాడు, ఇప్పుడు ఎవడు ఇరుక్కుంటాడో" అన్నారు.

డాక్టర్‌తో మాట్లాడింది కూడా కొడుకే. ఛాతీ లోతు నీళ్ళు, పది నిమిషాలు, పక్కనే మనిషి ఉండాలి అన్న షరతు మీద ఒప్పించాడు. ఒక ఆదివారం పొద్దున అతని స్నేహితుడి ఇంటి వెనక ఉన్న పూల్‌కి వెళ్ళాం. గాలి సరిగ్గా వస్తోందో లేదో నేను రెండుసార్లు చూసి రెగ్యులేటర్ అందించాను. తండ్రి మెట్లు దిగుతుంటే కొడుకు ఆయన నడుము పట్టుకున్నాడు. రెగ్యులేటర్‌తో తండ్రి, నీళ్ళ పైకి తేలే చిన్న గొట్టం నోట్లో పెట్టుకుని కొడుకు, ఇద్దరూ మునిగారు. నేను గట్టు మీద కూర్చుని వాచీ చూస్తున్నాను. తెల్లజుట్టు వెనక నుంచి బుడగలు గుంపుగా, ఆగకుండా, ఒకే తీరున వస్తున్నాయి. పది నిమిషాలయ్యాక కొడుకు ఆయన భుజం తట్టాడు. అంకుల్ ఇంకొక్క నిమిషం అని వేలు చూపించారు. అతను ఒప్పుకున్నాడు.

ఆ తర్వాత ఆయన మళ్ళీ నీళ్ళలో దిగలేదు. అడగనూ లేదు. శీతాకాలమంతా ఆదివారాలు కొడుకుతోనే గడిచాయి.

ఆ రోజు పూల్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు కార్ నేనే నడిపాను. పక్క సీట్లో ఆయన, వెనక కొడుకు. నీళ్ళలో కళ్ళకు పెట్టుకున్న మాస్క్ అంచు నొక్కుకున్న ఎర్రటి గుర్తు ఆయన నుదుటి మీద నుంచి చెంపల మీదుగా గుండ్రంగా పడి ఉంది. ఎండకు అడ్డంగా దించే పలక దించి, దాని లోపలి అద్దంలో ఆయన ఆ గుర్తును చూసుకున్నారు. అద్దం మూసేశారు. రెండు సిగ్నళ్ళు దాటాక మళ్ళీ దించి, అది ఇంకా ఉందో లేదో చూసుకున్నారు.