పొగ వెంట పడే కదిరప్ప

మా గార్లదిన్నెలో కుక్కలు బండ్ల వెంట పరుగెత్తడం మానేశాయి. ఆ పని మెకానిక్ కదిరప్ప చూసుకుంటున్నాడు.

పొగ కనబడితే చాలు, చేతిలో పని వదిలేసి మోపెడ్ ఎక్కుతాడు. నీలం పొగైతే "రింగులు అరిగినాయి, ఆయిలు తాగుతాండాది!" అని అరుస్తాడు. తెల్ల పొగైతే "గ్యాస్కెట్ పోయింది, నీళ్లు తాగుతాండాది!" ఒకసారి పెళ్లికూతురి కారు వెంట ఇలాగే పడ్డాడు. చివరి ముక్క ఒక్కటే విన్న మగపెళ్లివారు, "తాగుతాదంటనా?" అని పిల్లను ఎగాదిగా చూశారు.

ఆ మోపెడ్ వెనక సీటుకు ఒక మెత్తటి దిండు కట్టి ఉంటుంది. కదిరప్పది ఒంటి బతుకు. "దిండు ఎవరికన్నా?" అంటే "పొగకు" అంటాడు.

మొన్న మా చెల్లెలు ఇంద్రాణికి అనంతపురంలో టీచరు పరీక్ష. పోయినసారి బస్సు దారిలో చెడిపోయి, గేటు మూశాక చేరింది. ఆ ఏడుపు మళ్లీ చూడటం నా వల్ల కాదు. అందుకే ముందురోజే నా పాత కారు కదిరప్పకు చూపించాను.

రేడియేటర్ మూత తీసి ఇంజన్ స్టార్ట్ చేయించాడు. నీళ్లలో బుడబుడా బుడగలు. ఆయిలు చూసే పుల్ల పైకి లాగాడు.

"చూడప్పా, పాలు పోసిన టీ లెక్కుండాది. లోపల నీళ్లు ఆయిల్లో కలుస్తాండాయి. గ్యాస్కెట్ పోయింది. ఇంజన్ విప్పల్ల."

"పరీక్ష రేపన్నా!"

"అయితే కారు తియ్యాకు."

"నీకు లోకంలో అన్నీ గ్యాస్కెట్లే!" అని విసుక్కుని వచ్చేశాను.

పొద్దున ఊరు దాటామో లేదో, అద్దంలో మోపెడ్ కనిపించింది.

"వచ్చినాడు పొగాయప్ప," అని ఇంద్రాణి నవ్వింది. నాకు ఒళ్లు మండి వేగం పెంచాను. సగం దారిలో బుస్సుమని ఆవిరి లేచి కారు ఆగిపోయింది. ఏ బండికి చెయ్యెత్తినా ఆగలేదు. ఇంద్రాణి కళ్లలో నీళ్లు తిరిగాయి.

కదిరప్ప వచ్చాడు. కారు వైపు చూడనైనా లేదు. దిండు దులిపి, "కూచోమ్మా" అన్నాడు.

"దిండు పొగకంటివే?" అన్నాను.

"పొగ యాడుంటే ఆడ ఎవురో ఒకరు నడిదోవలో దిగిపోతారు గదప్పా!"

సిగ్గుపడుతూనే ఇంద్రాణిని మోపెడ్ ఎక్కించి పంపాను. ఇంద్రాణి ఫోన్ చేసేదాకా కారు చుట్టూ తిరుగుతూనే ఉన్నాను.

"గేటు తెరిచే ఉండాదన్నా, లోపలికి పోతాండా. దోవలో కదిరప్పన్న రెండు లారీల వెంట పడినాడు."

"ఇంత తొందరలోనా?"

"రెండోదాన్ని చూసి 'రింగులు!' అని అరిచింది నేనేలే."